బేక్‌వెల్ టార్ట్ అడుగు పచ్చిగా ఉండిపోతోంది, సాయం కావాలి

డెర్బీ దోసె | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని డెర్బీకి వచ్చి రెండేళ్లు. ఇక్కడ ఎవరింట్లో టీకి కూర్చున్నా, ఆఫీసులో ఎవరి పుట్టినరోజు వచ్చినా అరచేతిలో పట్టేంత గుండ్రటి టార్ట్ ఒకటి ప్రత్యక్షమవుతుంది. కింద బిస్కెట్‌లా పొడిపొడిగా విరిగే పేస్ట్రీ అనే మైదా, వెన్న పొర, దాని మీద పల్చగా రాస్ప్‌బెర్రీ జామ్, ఆపైన బాదం పొడితో చేసిన మెత్తటి కేకులాంటి పొర. కొన్నింటి మీద తెల్లటి ఐసింగ్, నడుమ సగం చెర్రీ.

వచ్చే శుక్రవారం మా అమ్మాయి స్కూల్లో కేకుల అమ్మకం ఉంది. ఈ డెర్బీషైర్‌లోని బేక్‌వెల్ ఊరి పేరున్న వంటకం కదా అని వీటికి దిగాను. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఒకటే కథ. పైన బంగారు రంగు, అడుగున తడి పిండి. చెంచాతో గీకితే మైదా పేస్టులా వస్తోంది. పైగా జామ్ పక్కల నుంచి పొంగి అచ్చుకి పాకంలా అంటుకుపోయింది. 12లో 5 మాత్రమే ముక్కలు కాకుండా బయటికొచ్చాయి.

మా ఆయన 'రుచి బాగుంది, స్పూన్‌తో తింటే సరిపోతుంది' అంటున్నాడు. అది మెచ్చుకోలో కాదో అడగలేదు.

చిట్టిగారె | శనివారం, రాత్రి 10:05

ఎన్ని డిగ్రీలు? ఏ అరలో పెట్టావు? అచ్చు దేనిది? ఈ మూడూ చెప్పకుండా అడుగు గురించి ఎవరేం చెప్పినా సోది చెప్పినట్టే.

డెర్బీ దోసె | శనివారం, రాత్రి 10:21

ఫ్యాన్ ఓవెన్, 180. నడిమి అర. అచ్చు సిలికాన్‌ది అక్కా, మఫిన్లకి వాడేది. జామ్ గట్టిగా ఉందని మైక్రోవేవ్‌లో కాస్త వేడి చేసి పోశాను.

చిట్టిగారె | శనివారం, రాత్రి 10:34

దొరికింది దొంగ. ఒకరు కాదు, ముగ్గురు.

సిలికాన్‌లోంచి వేడి తొందరగా దిగదు. కేకులకి పర్వాలేదు, పేస్ట్రీకి మాత్రం పనికిరాదు. పిండిలోని వెన్న కరిగి కారిపోకముందే అడుగు గట్టిపడాలి. దానికి పల్చటి రేకు అచ్చు కావాలి. అక్కడ సూపర్‌మార్కెట్లలో 12 గుంటల టార్ట్ టిన్ను దొరుకుతుంది, మఫిన్ టిన్ను కాదు, గుంట లోతు తక్కువగా ఉండేది.

రెండోది, జామ్ వేడి చేయకు. చల్లటి జామ్, గుంటకి ఒక్క టీస్పూను, అంచు దాకా రాయకుండా నడుమ పెట్టి వేలి గోరంత ఖాళీ వదులు. పైన బాదం మిశ్రమం ఆ ఖాళీలోకి దిగి పేస్ట్రీకి అతుక్కుంటే జామ్‌కి బయటికొచ్చే దారి ఉండదు. మన కజ్జికాయకి అంచు నొక్కేటప్పుడు పూర్ణం అంచుకి తగలనిస్తామా? ఇదీ అంతే.

మూడోది వేడి. వంటల పుస్తకాల్లో 180 అని ఉంటే అది ఎక్కువగా ఫ్యాన్ లేని ఓవెన్‌కి. ఫ్యాన్ ఉంటే 160 చాలు. నువ్వు 180 ఫ్యాన్‌లో పెట్టావు కాబట్టి అడుగు ఉడకకముందే పైన రంగు వచ్చేసింది. రంగు చూసి తీసేశావు.

ఓటీజీ బాబాయి | ఆదివారం, ఉదయం 6:50

అమ్మాయ్, చిట్టిగారె చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతాను. ఓవెన్ వేడెక్కేటప్పుడే లోపల ఒక మందపాటి ఇనుప ట్రే పెట్టు. అది కాలాక, దాని మీద టార్ట్ టిన్ను పెట్టు. పెనం కాలకుండా దోసె పోస్తే ఏమవుతుందో నీ పేరే చెబుతోంది.

నేను విజయనగరంలో చిన్న ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో చేస్తాను. కింది కడ్డీ, పై కడ్డీ రెండూ వేసి, ట్రేని అన్నిటికన్నా కింద అరలో పెడతాను. చివరి 5 నిమిషాలు పైకి మారుస్తాను, రంగు కోసం.

అప్పడాలకర్ర | ఆదివారం, ఉదయం 8:15

బ్లైండ్ బేకింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? పేస్ట్రీని ముందు ఖాళీగా, పైన కాగితం పరిచి శనగలు పోసి 12 నుంచి 15 నిమిషాలు కాల్చి, ఆ తరువాత జామ్ వేస్తే అడుగు మెత్తబడమన్నా మెత్తబడదు. ఆ శనగలు వండుకోవడానికి పనికిరావు కానీ డబ్బాలో దాచుకుంటే ఏళ్ల తరబడి వాడొచ్చు. నా శనగలకి 7 ఏళ్లు.

చిట్టిగారె | ఆదివారం, ఉదయం 8:40

పెద్ద టార్ట్‌కి తప్పనిసరి, ఒప్పుకుంటాను. చిన్నవాటికి 12 కాగితాలు కత్తిరించి, 12 గుంటల్లో శనగలు పోసి తీయడం ఎవరి వల్ల అవుతుంది? పిండి 3 మిల్లీమీటర్ల మందం దాటకుండా ఒత్తి, కాలిన ట్రే మీద పెడితే చాలు.

అప్పడాలకర్ర | ఆదివారం, ఉదయం 8:52

నా వల్ల అవుతుంది. 🙂

గుడ్డు లేని వంట | ఆదివారం, ఉదయం 10:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అత్తగారు గుడ్డు ముట్టరు. ఇది గుడ్డు లేకుండా అవుతుందా? ఇంకో అనుమానం, లండన్‌లో కొన్నవాటిలో జంతు కొవ్వు ఉంటుందని ఎవరో అన్నారు, నిజమేనా?

డెర్బీ దోసె | ఆదివారం, ఉదయం 11:10

కొవ్వు సంగతి నేను చెప్పగలను. పాతకాలపు పేస్ట్రీల్లో పందికొవ్వు వాడేవారు, ఇప్పటికీ కొన్ని బేకరీలు వాడతాయి. ప్యాకెట్ వెనక 'లార్డ్' అన్న మాట ఉందేమో చూసుకోవాలి. సూపర్‌మార్కెట్‌వి చాలావరకు వెజిటేరియన్ గుర్తుతోనే ఉంటాయి, కానీ చదవకుండా కొనకండి. ఆ ఎర్ర చెర్రీల రంగు కూడా చూసుకోండి. ఈ120 అని ఉంటే అది పురుగుల నుంచి తీసే రంగు.

లెక్కల మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

అందరూ 'కొంచెం', 'పల్చగా', 'వేలి గోరంత' అంటున్నారు. పులిహోరకి సరిపోతుంది, పేస్ట్రీకి కాదు. త్రాసు తీసుకోండి. 12 టార్ట్‌లకి నా లెక్క ఇది.

పేస్ట్రీకి మైదా 150 గ్రాములు, చల్లటి వెన్న 75, పొడి చక్కెర 25, గుడ్డు పచ్చసొన ఒకటి, ఫ్రిజ్ నీళ్లు ఒకటి రెండు టీస్పూన్లు. మైదాకి సగం బరువు వెన్న, షార్ట్‌క్రస్ట్ అంటే అంతే.

పై పొరని ఫ్రాంజిపేన్ అంటారు. దానికి వెన్న 75, చక్కెర 75, బాదం పొడి 75, గుడ్డు ఒకటి, మైదా ఒక టేబుల్ స్పూను. మొదటి మూడూ సమాన బరువు. గుడ్డు దగ్గరే తిరకాసు. ఇంగ్లండ్‌లో 'లార్జ్' గుడ్డు పెంకుతో కలిపి 63 నుంచి 73 గ్రాములు. మన దగ్గర మామూలు గుడ్డు 50, 55. కాబట్టి హైదరాబాద్‌లో చేసేవాళ్లు ఒక గుడ్డుకి ఇంకో టేబుల్ స్పూను గిలకొట్టిన గుడ్డు కలపాలి. లేకపోతే పై పొర పొడిపొడిగా వస్తుంది.

మన చక్కెర రేణువు కూడా పెద్దది. మిక్సీలో ఒక్కసారి తిప్పి వాడండి. వెన్నలో కరగని చక్కెర ఓవెన్‌లో పాకమై పైన మచ్చలు కడుతుంది.

గుడ్డు వద్దనుకునేవారికి: పై పొరలో గుడ్డు బదులు గట్టి పెరుగు 45 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్ స్పూను, బేకింగ్ పౌడర్ అర టీస్పూను. పేస్ట్రీలో పచ్చసొన బదులు చల్లటి పాలు. పొంగు తక్కువ, రుచికి లోటు ఉండదు. మా ఇంట్లో ఇలాగే చేస్తాం.

కొత్తపేట కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, బాదం పొడి కొనాలా? ఇంట్లో చేసుకోవచ్చా? ఇక్కడ ప్యాకెట్ ధర చూస్తే బంగారం కొట్లో ఉన్నట్టుంది.

ఓటీజీ బాబాయి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

చేసుకోవచ్చు తల్లీ. మరిగే నీళ్లలో 2 నిమిషాలు వేసి తీస్తే పొట్టు జారిపోతుంది. అసలు పని ఆ తరువాత. ఫ్యాన్ కింద రాత్రంతా ఆరాలి. తడి ఉంటే మిక్సీలో పొడి కాదు, ముద్దవుతుంది. ఆరిన బాదంలో మీ చక్కెరలోంచే రెండు చెంచాలు కలిపి, ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి సున్నుండ అయిపోతుంది.

నేనైతే సగం బాదం, సగం జీడిపప్పు బద్ద వాడతాను. పలాస నుంచి బద్దలు తెప్పిస్తాం, ధర తక్కువ. ఇంగ్లీషువాళ్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లు మా ఇంటికి రారు.

అప్పడాలకర్ర | ఆదివారం, మధ్యాహ్నం 2:10

జీడిపప్పు వేస్తే టార్ట్‌లో వచ్చే ఆ ఘాటు వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

ఓటీజీ బాబాయి | ఆదివారం, మధ్యాహ్నం 2:30

బాదం వేసినా రాదు, అదే చిత్రం! మనం తినే తీపి బాదంలో ఆ ఘాటు వాసన ఉండదు. దుకాణం టార్ట్‌లో వచ్చేది ఎసెన్స్ వాసన. చేదు బాదంలో, ఆప్రికాట్ గింజల్లో ఉండే బెంజాల్డిహైడ్ అనే పదార్థం అది. 12 టార్ట్‌లకి రెండు మూడు చుక్కలు. నాలుగో చుక్క పడితే దగ్గు మందు తిన్నట్టుంటుంది. నాకు ఒకసారి మూత జారి అర చెంచా పడింది. మా ఇంటావిడ నాలుగు రోజులు వంటింటి తలుపు తీసి పెట్టింది.

షెఫీల్డ్ గోంగూర | ఆదివారం, సాయంత్రం 5:15

అందరూ టార్ట్, టార్ట్ అంటున్నారు. ఆ బేక్‌వెల్ ఊరికి వెళ్లి టార్ట్ అడిగితే ఏమవుతుందో తెలుసా? మేం కిందటి వేసవిలో వెళ్లాం.

ఊరు చిన్నది. వై నది మీద అయిదు కమానుల పాత రాతి వంతెన, నీళ్లలో చేతికి అందేంత దగ్గరగా ట్రౌట్ చేపలు, సోమవారం సంత. దుకాణంలో 'బేక్‌వెల్ టార్ట్ ఇవ్వండి' అన్నాను. కౌంటర్ వెనక పెద్దావిడ చిన్నగా నవ్వి 'ఇక్కడ పుడ్డింగ్ తినాలి బాబూ' అంది.

తెచ్చిపెట్టింది చూస్తే టార్ట్‌కీ దానికీ పోలికే లేదు. కింద పొరలు పొరలుగా లేచిన పేస్ట్రీ, అడుగున జామ్, పైన గుడ్డు, వెన్న, చక్కెర, బాదం కలిపి కాల్చిన మెత్తటి ముద్ద. నడుమ దిగిపోయి, అంచులు వంకరగా ఉంది. వేడి కస్టర్డ్ పోసిచ్చారు. చూపుకి ఏమీ బాగోదు, తింటే మాత్రం మాట రాదు.

కథ ఏమిటంటే, ఆ ఊరి సత్రంలో వంటమనిషికి యజమానురాలు ఏదో చెబితే ఆమె అపార్థం చేసుకుని, గుడ్డు మిశ్రమాన్ని పేస్ట్రీలో కలపకుండా జామ్ మీద పోసేసిందట. అది అలా నిలిచిపోయిందట. కూడలిలోని రట్లాండ్ ఆర్మ్స్ హోటల్ పేరే చెబుతారు. కొందరు 1820 అంటారు, కొందరు 1860 అంటారు.

లెక్కల మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:00

1860 కుదరదు. ఎలైజా ఆక్టన్ వంటల పుస్తకం 1845లో వచ్చింది, అందులో బేక్‌వెల్ పుడ్డింగ్ ఉంది. పుట్టడానికి 15 ఏళ్ల ముందే అచ్చయిన పిల్లని ఎక్కడైనా చూశారా? పొరపాటున పుట్టిన వంటకం అంటే దుకాణానికి గిరాకీ, అంతే.

టార్ట్ సంగతి వేరు. షార్ట్‌క్రస్ట్‌లో ఫ్రాంజిపేన్ వేసి దానికి ఈ పేరు పెట్టి పిలవడం 20వ శతాబ్దం అలవాటు. ఐసింగ్, చెర్రీ పెట్టినవి ఇంకా తరువాతివి, ఫ్యాక్టరీ ప్యాకెట్లతో ఇంటింటికీ చేరాయి.

పాలకొల్లు పిల్ల | ఆదివారం, సాయంత్రం 6:25

అర్థమైంది. మన కాజా గొడవే. తాపేశ్వరంలో మడత కాజా, కాకినాడలో గొట్టం కాజా. పేరొకటే, కొరికితే తెలుస్తుంది రెండూ వేరని.

షెఫీల్డ్ గోంగూర | ఆదివారం, సాయంత్రం 6:31

సరిగ్గా చెప్పావమ్మా. పైగా ఆ ఊళ్లో ఒకటికి రెండు దుకాణాలు అసలు వంటకం మాదంటే మాదంటాయి.

డెర్బీ దోసె | సోమవారం, రాత్రి 8:50

కొత్త రేకు టిన్ను కొన్నాను. మాస్టారి కొలతలు, చిట్టిగారె అక్క జామ్ పద్ధతి, బాబాయిగారి కాలిన ట్రే. 160 ఫ్యాన్, 24 నిమిషాలు.

పిండి కలిపేటప్పుడు ఒకటి గమనించాను. వెన్నని మైదాలో వేళ్ల కొసలతో నలుపుతుంటే ముందు అరచేతులతో నొక్కేస్తున్నానని అర్థమైంది, చపాతీ పిండి అలవాటు. చేతుల వేడికి వెన్న కరిగి మైదా పసుపు ముద్దవుతోంది. ఈసారి చేతులు చల్లటి నీళ్ల కింద పెట్టుకుని, వేలి కొసలతోనే, ఉప్మా రవ్వలా అయ్యేదాకా నలిపాను. పిడికిట పడితే ముద్ద కట్టాలి, వదిలితే విడిపోవాలి. ఆ తరువాతే నీళ్లు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 3 మిల్లీమీటర్లు ఒత్తి, మూత అంచుతో కోశాను. ఫ్రిజ్‌లో పెట్టకుండా ఒత్తినప్పుడు పేస్ట్రీ ఓవెన్‌లో కుంచించుకుపోయి గుంటలోకి జారేది, ఇప్పుడు జారలేదు.

12లో 11 పూర్తిగా వచ్చాయి. అడుగు తట్టితే టకటక మంటోంది!

ఒకటి మాత్రం జామ్ కారింది. అక్కడ పేస్ట్రీకి చిన్న చిల్లు ఉంది, చూసుకోలేదు.

చిట్టిగారె | సోమవారం, రాత్రి 9:02

శభాష్. ఆ చిల్లుకి మిగిలిన పిండి ముక్క తడిపి అతికించి ఉంటే సరిపోయేది.

పక్కింటి పాయసం | సోమవారం, రాత్రి 10:15

డెర్బీ దోసె గారూ, సంతోషం. కానీ నేను లెస్టర్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో పనిచేస్తాను. ఒక్క మాట. స్కూలు అమ్మకానికి బాదం తీసుకెళ్లవచ్చో లేదో అడిగారా? ఇక్కడ చాలా స్కూళ్లలో నట్స్ పూర్తిగా నిషేధం. బ్రిటన్‌లో తప్పనిసరిగా చెప్పాల్సిన 14 రకాల అలర్జీ పదార్థాల జాబితా ఉంది, బాదం, జీడిపప్పు లాంటివి అందులో ఉన్నాయి. ఒక పిల్లకి పడకపోతే ఆంబులెన్స్ దాకా వెళుతుంది.

డెర్బీ దోసె | మంగళవారం, ఉదయం 9:30

అడిగాను. నిషేధమే. స్కూలు పంపిన కాగితం పుస్తకాల సంచి అడుగున మడతపెట్టి ఉంది, రెండు వారాల నుంచి. చదవకపోవడం నా తప్పే. ఉదయం 11 టార్ట్‌ల డబ్బా చూస్తుంటే ఏడుపొచ్చింది. శుక్రవారానికి మూడు రోజులే ఉంది, ఒకటే టెన్షన్.

పాలకొల్లు పిల్ల | మంగళవారం, ఉదయం 9:48

ఆ డబ్బా ఆఫీసుకి పంపించేయండి. ఇంకేదైనా చేద్దాం.

షెఫీల్డ్ గోంగూర | మంగళవారం, ఉదయం 10:20

మాంచెస్టర్ టార్ట్ చేయండి! షార్ట్‌క్రస్ట్‌లో రాస్ప్‌బెర్రీ జామ్, పైన చల్లారిన కస్టర్డ్, ఆపైన కొబ్బరి తురుము, నడుమ చెర్రీ. ఒకప్పుడు ఇక్కడి స్కూలు భోజనాల్లో ఇదే పెట్టేవారు. మా ఆఫీసులో యాభై దాటినవాళ్లని అడిగితే కళ్లు మూసుకుని మరీ చెబుతారు.

పక్కింటి పాయసం | మంగళవారం, ఉదయం 10:41

మంచి ఆలోచన. ఆ 14లో కొబ్బరి లేదు. అయినా స్కూలుకి ఫోన్ చేసి అడగండి, కొందరికి పడదు. పైగా పాలు, గుడ్లు, గోధుమ మాత్రం జాబితాలో ఉన్నాయి, డబ్బా మీద రాసి పెట్టండి. బాదం వాడిన గిన్నెలు, టిన్ను సబ్బుతో శుభ్రంగా కడిగి వాడండి.

ఓటీజీ బాబాయి | మంగళవారం, మధ్యాహ్నం 12:05

కస్టర్డ్ అంటే స్కూలు బల్ల మీద మధ్యాహ్నానికి కారిపోతుంది. కొబ్బరినే ఫ్రాంజిపేన్ చెయ్యరాదూ? బాదం పొడి 75 బదులు ఎండుకొబ్బరి పొడి 60, మైదా రెండు టేబుల్ స్పూన్లు. కొబ్బరి తేమని పీలుస్తుంది, అందుకే తగ్గించాను. ఏలకుల పొడి చిటికెడు. జామ్ మామూలే. కజ్జికాయ ఇంగ్లండ్ వెళ్లి చదువుకొచ్చినట్టుంటుంది.

అప్పడాలకర్ర | మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఏలకులు పిల్లలకి వద్దు. నిమ్మ తొక్క తురుము వెయ్యండి.

ఓటీజీ బాబాయి | మంగళవారం, మధ్యాహ్నం 12:41

సరే, సగానికి సగం చేసి చూడమను. రుచి చూడకుండా మనిద్దరం ఎందుకు కొట్టుకోవడం?

డెర్బీ దోసె | శనివారం, మధ్యాహ్నం 3:15

అందరికీ థాంక్స్. స్కూలు ఒప్పుకుంది. 24 చేశాను, 12 ఏలకులతో, 12 నిమ్మ తొక్కతో. ఒక్కటి 80 పెన్నీలు. ఏలకులవి ముందు అయిపోయాయి, బాబాయిగారు ఇప్పుడు అప్పడాలకర్ర గారిని ఆటపట్టించవచ్చు. నిమ్మవి నాలుగు మిగిలితే టీచర్లు కొన్నారు.

బాదంవి 8 ఆఫీసుకి వెళ్లాయి. మూడు మా వీధిలోని పెద్దావిడకి ఇచ్చాను, డెర్బీషైర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, 78 ఏళ్లు. ముందు తిప్పి అడుగు చూసింది. తరువాత కొరికింది. 'ఐసింగ్ వెయ్యలేదు, మంచిపని చేశావు. అది బజారు వేషం' అంది.

మర్నాడు ప్లేటు తిరిగిచ్చింది. ఖాళీగా ఇస్తుందేమోనని చూశాను, మనకి అలవాటు కదా. ఒక చిన్న సీసా పెట్టింది, వాళ్ల పెరట్లో రాస్ప్‌బెర్రీలతో చేసిన జామ్. గింజలు తగిలేటంత చిక్కగా ఉంది. ఇది వేడి చేయకుండా స్పూనుతో తీయడమే కష్టం.

అప్పడాలకర్ర గారూ, మీ ఏడేళ్ల శనగల పద్ధతి పెద్ద టార్ట్‌కి చెప్పండి. వచ్చే నెల 23 సెంటీమీటర్ల అచ్చులో చేస్తాను. 12కి ఎంత పిండి పట్టిందో అంతా ఒకే అచ్చుకి సరిపోతుందా, మాస్టారూ?

లెక్కల మాస్టారు | శనివారం, సాయంత్రం 4:02

చాలదు. పిండి 200, వెన్న 100 చెయ్యండి. పై పొర 125 చొప్పున, గుడ్లు రెండు. 35 నిమిషాలు దాటితేనే తీసి చూడండి.